సగం చీటీ కొనేవాళ్ల తరఫున: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి, ఉమ్మడి విశాఖ జిల్లా శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం.

నేను గాజువాకలో మందుల షాపు నడుపుకునే ఫార్మసిస్టుని. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానం గురించి ఈ లేఖ రాస్తున్నాను. రెండున్నర లక్షల దాకా ఖర్చు బీమా కంపెనీ చూసుకుంటుందని, ఆ పైన 25 లక్షల దాకా పేద కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరిస్తుందని, ఆదాయం ఎక్కువున్న కుటుంబాలకు కూడా మొదటి రెండున్నర లక్షల రక్షణ ఉంటుందని ఆ రోజు చెప్పారు. పేద, మధ్యతరగతి అని విడదీయకుండా అందరినీ ఒక గొడుగు కిందికి తేవాలన్న ఆలోచన మంచిది. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

అయితే అప్పటినుంచి జరుగుతున్న చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. ఆసుపత్రికి డబ్బు ఎవరు కట్టాలి, బీమా కంపెనీయా, ట్రస్టా? టీవీల్లో ఇదే, పేపర్లలో ఇదే, మా షాపు ముందు టీ తాగేవాళ్ల మధ్య కూడా ఇదే. ఎవరు కట్టినా అది మంచం మీద పడుకున్న మనిషి కోసం కట్టే డబ్బు. ఆ మనిషి మంచం ఎక్కకముందు నెలనెలా పెట్టుకునే ఖర్చు, దిగాక బతికినంతకాలం పెట్టుకోవాల్సిన ఖర్చు ఈ రెండు లెక్కల్లోనూ లేవు. మా ఊళ్లో మామూలు సంపాదన ఉన్న కుటుంబాలు చితికిపోతున్నది అక్కడ. కౌంటర్ ఇవతల నిలబడి చూసేవాడిగా ఆ సంగతి మీకు వివరంగా చెప్పాలి.

డాక్టర్ రాసిన మందుల చీటీ మీద ఆరు మందులుంటే ఆరూ కొనేవాళ్లు మా దగ్గర తక్కువ. చీటీ నా చేతికిచ్చి, ముందు "మొత్తం ఎంతవుద్ది?" అని అడుగుతారు. లెక్క కట్టి చెప్పగానే ఒక నిమిషం మాట్లాడరు. తర్వాత "ఇందులో ఏది ఒగ్గీమంటావు బాబూ?" అంటారు. డాక్టర్ ముందు అడగలేని ప్రశ్న అది. అడిగితే తిడతారని భయం, లేకపోతే మొహమాటం. కాబట్టి నన్ను అడుగుతారు. నేను ఏదీ మానకూడదనే చెబుతాను. అప్పుడు వాళ్లే ఎంచుకుంటారు. ఆ ఎంపికలో ఒక క్రమం ఉంటుంది. ఏ ఇంటివాళ్లయినా దాదాపు ఇదే క్రమం. నొప్పి మాత్ర ఉంచుకుంటారు, ఎందుకంటే అది లేకపోతే పొద్దున పనికి వెళ్లలేరు. గ్యాస్ మాత్ర ఉంచుకుంటారు, కడుపులో మంట తెలుస్తుంది కాబట్టి. షుగరు మాత్ర రెండు పూటలది ఒక పూటకు దించుకుంటారు. బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర ముందుగా పోతాయి. బీపీ పెరిగితే ఒంటికి ఏమీ తెలియదు. తెలియని జబ్బుకి డబ్బు పెట్టడానికి చెయ్యి రాదు, జేబులో మూడు వందలే ఉన్నప్పుడు అసలే రాదు.

ఆస్తమా ఉన్నవాళ్లది ఇంకో తీరు. గాజువాక, మల్కాపురం, పెదగంట్యాడ వైపు దుమ్ము సంగతి మీకు తెలియనిది కాదు. ఊపిరి ఆడనివాళ్లకి రోజూ పీల్చే ఇన్‌హేలర్ రాస్తారు. దాని ధర చూసి, దగ్గు వచ్చినప్పుడు వేసుకునే చవక మాత్రలు అడుగుతారు. మాత్రతో ఆ పూట తేలికపడుతుంది, లోపల వాపు అలాగే ఉంటుంది. చలికాలం వచ్చేసరికి అర్ధరాత్రి ఆటో ఎక్కి ఆక్సిజన్ కోసం వెళ్తారు.

నెలలో ఏ తారీఖో నా బిల్లులు చూసి చెప్పొచ్చు. ఒకటో తారీఖున పింఛను అందుతుంది. నాలుగు వేలు. ఆ రోజు, మర్నాడు ముసలివాళ్లు వచ్చి నెల మందులు తీసుకెళ్తారు. జీతగాళ్లు ఏడో తారీఖు, పదో తారీఖు దాకా వస్తారు. ఇరవై దాటిందంటే స్ట్రిప్పులు కత్తిరించడమే పని. "ఐదు మాత్రలియ్యండి", "మూడు రోజులకి ఇయ్యండి, జీతం పడ్డాక మిగతావి తీసుకుంటా". కత్తిరించిన స్ట్రిప్పులో ఒక్కోసారి మందు పేరు ఒక ముక్కకి, ఎక్స్‌పైరీ తారీఖు ఇంకో ముక్కకి పోతాయి. ఇంటికెళ్లాక ఏ మాత్ర దేనిదో తెలియక రెండూ కలిపి వేసుకునే ముసలమ్మలున్నారు. అందుకే మా షాపులో చిన్న కవర్ల మీద స్కెచ్ పెన్నుతో సూర్యుడిని, చంద్రుడిని గీసి ఇస్తాం, పొద్దుటిది, రాత్రిది తెలియడానికి.

మంత్రి గారూ, ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మాత్రల దగ్గర మిగిల్చిన డబ్బే తర్వాత ప్రభుత్వం కట్టాల్సిన బిల్లుగా మారుతోంది. మా వీధిలో ఒక తాపీ మేస్త్రీ ఉండేవాడు. నలభై ఏళ్లు దాటాయో లేదో బీపీ పట్టుకుంది. వానాకాలంలో పని ఉండదు, ఆ నెలల్లో మాత్ర ఉండదు. ఒక పొద్దున నిద్ర లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అప్పుడు వైద్య సేవ కార్డు పనిచేసింది. ఆసుపత్రిలో చేర్చుకున్నారు, స్కాన్ తీశారు, రోజుల తరబడి వైద్యం చేశారు, కుటుంబం పెద్దగా కట్టింది లేదు. ఆ మేరకు పథకానికి చేతులెత్తి దండం పెడతాను. అయితే ఆయన డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక మొదలైన ఖర్చుకి ఏ కార్డూ లేదు. ఫిజియోథెరపీకి రోజూ ఆటో. పెద్దవాళ్ల డయాపర్లు. రక్తం పలచబడే మాత్ర, బీపీవి రెండు, షుగరుది ఒకటి. భార్య చేసే రెండిళ్ల పాచిపని ఆయన్ని చూసుకోవడానికి మానేసింది. సంపాదన ఆగింది, ఖర్చు మొదలైంది. రోజుకి పది రూపాయలు కూడా కాని మాత్ర అందుబాటులో ఉండి ఉంటే ఆయన ఇవాళ ఎక్కడో గోడ కడుతూ ఉండేవాడని నా నమ్మకం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెస్తున్నాం. గొడ్డలి ఖర్చు మాత్రం ప్రభుత్వమే పెడుతోంది, గోరు ఖర్చు మనిషికి వదిలేసింది.

గుండె వైద్యంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల (మూసుకుపోయిన గుండె రక్తనాళంలో పెట్టే చిన్న గొట్టాల) ధరకి గరిష్ఠ పరిమితి పెట్టింది. మందు పూత ఉన్న స్టెంట్ అంతకుముందు లక్ష దాటి అమ్మేవారు, పరిమితి పెట్టాక సుమారు 30 వేలకు దిగింది. ఈ దేశంలో ఆరోగ్య సంస్కరణ అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే. ఒక్క ఉత్తర్వుతో పేదవాడికీ మధ్యతరగతివాడికీ ఒకేలా మేలు జరిగింది. స్టెంట్ వేశాక రక్తం గడ్డ కట్టకుండా మాత్రలు డాక్టర్ చెప్పినన్నాళ్లూ మానకుండా వేసుకోవాలి. మధ్యలో ఆపితే ఆ స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. కొన్ని ఆపరేషన్ల తర్వాత ఏడాది పాటు ఫాలో-అప్ మందులు పథకంలో ఉన్నాయి, నిజమే. వాటి కోసం మళ్లీ ఆ ఆసుపత్రికే రావాలి. పాడేరు ఘాట్ దిగి వచ్చేవాడికి అది ఒక రోజు కూలి, తోడు వచ్చినవాళ్ల కూలి, తిండి, బస్సు చార్జీ. అంత పెట్టుకునే బదులు ఊళ్లోనే కొనుక్కుందాం అనుకుంటాడు. కొంటాడు, డబ్బున్న నెలల్లో. (2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక ఆసుపత్రికి వచ్చే తల్లుల మాట మారింది. "చార్జీలకి లేక రాలేదు" అనేది ఇప్పుడు తక్కువగా వింటున్నాను. బస్సు టికెట్ కూడా వైద్యం ఖర్చే అని చెప్పడానికి దీన్ని ప్రస్తావిస్తున్నాను.)

ఈ మాట నా ఒక్కడి కౌంటర్‌ని బట్టి చెప్పడం లేదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో 64.2 శాతం ప్రజలు తమ జేబులోంచే పెట్టారు. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం సంతోషమే. అయినా వంద రూపాయల్లో నలభై దాకా ఇప్పటికీ రోగి జేబులోంచే పోతోంది, అందులో పెద్ద వాటా మందుల షాపులకు చేరుతోంది. నా షాపు కూడా వాటిలో ఒకటి. నా వ్యాపారం తగ్గినా సరే, ఈ వాటా తగ్గాలని కోరుకుంటున్నాను. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. 2021-22లో అది 1.84 శాతం. కరోనా ఏడాదుల్లో కూడా అంతే పెట్టగలిగాం.

ఇక ఆదాయ పరిమితుల సంగతి.

మా షాపులో హెల్పరుగా చేసిన కుర్రాడు ఒకడు ఆటోనగర్‌లో ఒక కంపెనీలో చేరాడు. జీతం 21 వేల లోపు ఉన్నంతకాలం ఈఎస్ఐ, అంటే కార్మికులకు కేంద్రం నడిపే ఆరోగ్య బీమా, ఉండేది. వాడి అమ్మకి కీళ్లవాతం. ఈఎస్ఐలో మందులు వచ్చేవి, కొంచెం ఆలస్యమైనా వచ్చేవి. జీతం పెంచారు. పెరిగింది పదిహేను వందలు. ఆ అర్ధ సంవత్సరం ముగిశాక కొన్నాళ్లకి ఈఎస్ఐ ఆగిపోయింది. అమ్మ మందులకి ఇప్పుడు నెలకి అంతకన్నా ఎక్కువే అవుతోంది. జీతం పెరిగి ఇల్లు దిగజారింది. ఈ 21 వేల పరిమితి 2017 జనవరిలో పెట్టింది. అప్పటినుంచి బియ్యం ధర ఎంత, ఇంటద్దె ఎంత పెరిగిందో గాజువాకలో ఎవరిని అడిగినా చెబుతారు. ఇది కేంద్రం పరిధిలోనిది, మన ఎంపీలు గట్టిగా అడగాల్సింది.

రాష్ట్రంలోనే చూస్తే బియ్యం కార్డుకి పట్టణంలో నెలకి 12 వేల ఆదాయం ఒక గీత. వైద్య సేవకి ఏడాదికి 5 లక్షలు ఇంకో గీత. దానికి తోడు మూడు వేల చదరపు అడుగుల ఇల్లు, ఒక కారు, పన్నెండెకరాల మాగాణి అని ఇంకొన్ని కొలతలు. ఎక్కడో ఒక గీత ఉండక తప్పదని ఒప్పుకుంటాను. ప్రభుత్వం దగ్గర డబ్బు అనంతం కాదు. అయితే గీతకి ఇవతల ఉన్నవాడికి 25 లక్షలు, అవతల ఒక్క అడుగు వేసినవాడికి రెండున్నర లక్షలతో సరి అంటే, ఆ అడుగు దగ్గర నిలబడ్డ కుటుంబం ఏం చేయాలి? భార్యాభర్తలిద్దరూ ప్రైవేటు స్కూల్లో టీచర్లు, ఇద్దరి జీతం కలిపి ఏడాదికి 5 లక్షల 20 వేలు అనుకోండి. ఒకరికి క్యాన్సర్ వచ్చిన రోజున ఆ ఇల్లు పేదదేనా, కాదా? క్యాన్సర్ వచ్చిన మర్నాటి నుంచి ఇద్దరి జీతాల్లో ఒకటి రాదు. గత ఏడాది కాగితం చూసి వాళ్లని ధనవంతుల్లో కలపడం అన్యాయం. రెండున్నర లక్షలు దాటాక, ఆదాయాన్ని బట్టి ప్రభుత్వం వాటా మెల్లమెల్లగా తగ్గుతూ పోయేలా పెట్టండి. 6 లక్షల వాడికి ముప్పాతిక వంతు, 8 లక్షల వాడికి సగం, అలాగ. ఉద్యోగం పోతే ఆ నెల నుంచే లెక్క మారాలి.

ప్రైవేటు బీమా తీసుకోవచ్చు కదా అంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అది మంచి పని. అయినా షుగరో బీపీయో ఉన్నవాళ్లకి ఆ జబ్బులకి సంబంధించిన చికిత్స కోసం మూడేళ్ల దాకా ఆగాలనే షరతు పెట్టొచ్చు. యాభై దాటిన మనిషికి ప్రీమియం చెప్పగానే ఫోన్ పెట్టేస్తారు. పైగా ఆ పాలసీల్లో చాలావాటికి కూడా నెల మందులతో సంబంధం లేదు. మళ్లీ కథ మంచం దగ్గరికే వస్తుంది.

బీమానా ట్రస్టా అన్న వాదంలో నాది ఏ పక్షమో కూడా చెబుతాను. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు బీమా కంపెనీతోనే మొదలైంది, తర్వాత ట్రస్టుకి మారింది. కాబట్టి రెండూ ఈ రాష్ట్రం చూసినవే. ట్రస్టు వైపు వాళ్లు చెప్పేది నిజం: బీమా కంపెనీ లాభం కోసం క్లెయిములు తిరస్కరించే అవకాశం ఉంది. బీమా వైపు వాళ్లు చెప్పేదీ నిజం: ప్రభుత్వం ట్రస్టుకి సమయానికి డబ్బు వెయ్యకపోతే బకాయిలు పేరుకుపోతాయి. 2025 అక్టోబర్‌లో వేల కోట్ల బకాయిలు ఉన్నాయని పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసినప్పుడు మా దగ్గర కనిపించిన టెన్షన్ ఇంతా అంతా కాదు. ఆపరేషన్ తారీఖు ఇచ్చినవాళ్లకి తర్వాత రమ్మన్నారు. నొప్పి తగ్గడానికి మాత్రలు కొనుక్కుంటూ రోజులు లెక్కపెట్టారు. ఒకాయన హెర్నియాతో నడుం వంచి నిలబడి "ఇంకెన్నాళ్లుంటాది బాబూ ఈ గొడవ" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఏ పద్ధతి పెట్టినా సరే, కొత్త విధానంలో చెప్పినట్టు క్లెయిములు 15 రోజుల్లో తీర్చే షరతు ఒప్పందంలో గట్టిగా ఉండాలి, ఆలస్యమైతే వడ్డీ ఉండాలి, ఏ కారణం మీదా రోగిని వెనక్కి పంపకూడదు. క్లెయిము ఎందుకు తిరస్కరించారో రోగికి తెలుగులో కాగితం మీద ఇవ్వాలి. ఇవి ఉంటే నాకు ఏ పద్ధతైనా ఒకటే.

ప్రభుత్వ కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీ పద్ధతిలో, అంటే ప్రైవేటు భాగస్వామ్యంతో, నడపాలన్న నిర్ణయం మీద జరుగుతున్న గొడవ గురించి కూడా ఒక మాట. పది కాలేజీల జాబితాలో మా ఉత్తరాంధ్రవి నర్సీపట్నం, పార్వతీపురం ఉన్నాయి. ఆ చుట్టుపక్కల వాళ్లకి ఇవాళ పెద్ద జబ్బు వస్తే దిక్కు విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, కేజీహెచ్. 1923 నుంచి ఉన్న ఆసుపత్రి అది, ఉత్తరాంధ్ర అంతటినుంచీ, ఒడిశా సరిహద్దు నుంచీ జనం వస్తారు. ఓపీ రోజు పొద్దున కలెక్టరాఫీసు వైపు వెళ్తే ఆ జనం చూడొచ్చు. అక్కడి డాక్టర్లు, నర్సులు మోస్తున్న బరువు చూస్తే వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. ఆ బరువు తగ్గాలంటే నర్సీపట్నంలో, పార్వతీపురంలో పూర్తి స్థాయి ప్రభుత్వ వైద్యం ఉండాలి. పీపీపీలో కూడా ఉచిత సేవలు కొనసాగుతాయని మీ ప్రభుత్వం చెబుతోంది. అదే నిజమైతే ఆ ఒప్పందం మొత్తం తెలుగులో ప్రజల ముందు పెట్టండి. ఓపీ, పరీక్షలు, మందులు ఉచితమా కాదా, ఎన్నేళ్లు, ఉల్లంఘిస్తే ఏమిటి అన్నవి చదువుకుని మాట్లాడుకుంటాం. నా అభిప్రాయంలో బోధనాసుపత్రి ప్రభుత్వం చేతిలో ఉండడమే క్షేమం.

ఇప్పుడు నేను అడగదలచుకున్న అసలు విషయానికి వస్తాను.

సార్వత్రిక ఆరోగ్య విధానంలో మందులు కూడా చేర్చండి. బీపీ, షుగరు, గుండె, ఆస్తమా, మూర్ఛ, థైరాయిడ్, మానసిక జబ్బులు, పక్షవాతం తర్వాత వాడేవి. వీటికి నెల రోజుల మందులు ఒకేసారి, ఆదాయం అడక్కుండా, కార్డు అడక్కుండా ఇవ్వాలి. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో మందులు ఇస్తున్నారు, తెలుసు. మా దగ్గరికి అక్కడి చీటీలు కూడా వస్తాయి, స్టాకు లేని మందుల చుట్టూ సున్నా చుట్టి, బయట కొనుక్కోమని. రెండు నెలలు అలా జరిగితే మూడో నెల ఆ మనిషి అక్కడికి వెళ్లడు. స్టాకు నమ్మకంగా ఉండటం మందు ఉచితంగా ఉండటమంత ముఖ్యం. ఏ కేంద్రంలో ఏ మందు ఎన్ని రోజులకి ఉందో గుమ్మం దగ్గర బోర్డు మీద రోజూ రాయించండి. సెల్ ఫోన్లో కూడా కనిపించేలా చేయండి. కేంద్రాలు సాయంత్రం చీకటి పడ్డాక కూడా తెరిచి ఉండాలి. డ్యూటీ దిగి వచ్చే మనిషికి మధ్యాహ్నం ఓపీ ఉపయోగపడదు, ఉచిత మందు కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోడు.

ఇది జరగని పని కాదు. పక్కనున్న తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకి ప్రత్యేక సంస్థ పెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రులకి బ్రాండు పేరు లేని జనరిక్ మందులు టోకున కొంటోంది. 2021 ఆగస్టు నుంచి బీపీ, షుగరు ఉన్నవాళ్ల ఇళ్లకే మందులు చేరుస్తోంది. రాజస్థాన్ 2011 అక్టోబర్ 2న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత మందుల పథకం మొదలుపెట్టింది, ప్రభుత్వాలు మారినా అది ఆగలేదు. థాయ్‌లాండ్ 2002లో తెచ్చిన సార్వత్రిక పథకంలో ఓపీ మొదటినుంచీ ఉంది. వాళ్లేమీ మనకన్నా ఆకాశమంత ధనవంతులు కాదు. మనకీ మందులు, పరికరాలు కొనే ప్రభుత్వ సంస్థ ఉంది. టోకున కొంటే ధర ఎంత దిగుతుందో మా వ్యాపారంలో ఉన్నవాళ్లకి బాగా తెలుసు. షాపుకి వచ్చే కొన్ని జనరిక్ స్ట్రిప్పుల మీద ముద్రించిన ఎమ్మార్పీకీ మేం కొన్న ధరకీ పొంతనే ఉండదు. మధ్యలో ఉన్న ఆ తేడా అంతా రోగి కడుతున్నదే. ప్రభుత్వం కొంటే ఆ తేడా ఉండదు.

ఆరోగ్య కేంద్రం దూరమైన చోట మా షాపులని వాడుకోండి. రాష్ట్రమంతటా రిజిస్టరైన ఫార్మసిస్టులం వేల మందిమి ఉన్నాం. ప్రభుత్వ స్టాకు మా దగ్గర ఉంచి, మనిషికి ఇంత అని చిన్న రుసుము మాకిచ్చి, రోగికి ఉచితంగా ఇప్పించండి. ఎవరికి ఏ మందు ఇచ్చామో ఆన్‌లైన్లో ఎక్కిస్తాం. వచ్చిన ప్రతివాళ్లకీ బీపీ చూసి పంపిస్తాం. మందు ఆపేసినవాళ్లెవరో మాకు తెలుస్తుంది, మూడు వారాలు కనిపించకపోతే ఆ ప్రాంతపు ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకి చెబుతాం. ముందు గాజువాకలో, కంచరపాలెంలో ఏడాది నడిపి చూడండి.

ఇంకొకటి. 2019 డిసెంబర్‌లో మొదలైన ఆరోగ్య ఆసరాలో ఆపరేషన్ తర్వాత విశ్రాంతి రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5 వేలకు మించకుండా ఇచ్చేవారు. పేరు మీ ఇష్టమొచ్చింది పెట్టుకోండి. ఎవరి ప్రభుత్వం మొదలుపెట్టిందన్న పట్టింపు లేకుండా కొత్త విధానంలో అది ఉండాలి, నేటి కూలి రేట్లకి తగ్గట్టు పెంచి ఉండాలి. కుట్లు మానకముందే బస్తాలు మోయడానికి వెళ్లి, చీము పట్టి, యాంటీబయాటిక్ కోసం మా దగ్గరికి వచ్చే హమాలీలకి ఆ డబ్బే వైద్యం.

ప్రైవేటు ఆసుపత్రుల మీద ఈ లేఖలో నేను యుద్ధం ప్రకటించడం లేదు. ప్రైవేటు ఆసుపత్రులు ఒకేచోట ఉన్న విశాఖ హెల్త్ సిటీ వల్ల ఈ ఊరివాళ్లు హైదరాబాద్, చెన్నై పరిగెత్తడం తగ్గింది. కానీ మా వీధివాళ్లు ఒక ఆసుపత్రిలో బయటి మందులు తేవద్దన్నారని లోపలి ఫార్మసీలోనే పూర్తి ఎమ్మార్పీకి కొన్న బిల్లులు తెచ్చి చూపించినప్పుడు బాధేసింది. నచ్చిన చోట మందు కొనుక్కోవడం, ధరలు ముందుగా తెలుసుకోవడం రోగి హక్కులని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర పెట్టించడం పథకంలో షరతుగా చేర్చండి. దీనికి ఖర్చు ఫ్లెక్సీ డబ్బులే.

బీమా ఒప్పందాల వివరాలు ఖరారు చేసే ముందు విశాఖలో ఒక రోజు బహిరంగ విచారణ పెట్టండి. డాక్టర్లని, ఆసుపత్రుల సంఘాలని, బీమా కంపెనీలని ఎలాగూ పిలుస్తారు. వాళ్లతో పాటు ఆశా కార్యకర్తలని, ఏఎన్ఎంలని, ఫార్మసిస్టులని, ఈఎస్ఐ పోయిన కార్మికులని, డిశ్చార్జి అయి ఇంట్లో పడి ఉన్నవాళ్ల కుటుంబాలని పిలవండి. ఫిషింగ్ హార్బర్ నుంచి ఒకరు, పాడేరు నుంచి ఒకరు మాట్లాడాలి. నేను నా షాపు బిల్లులు, పేర్లు తీసేసి, తారీఖుల వారీగా తెచ్చి మీ ముందు పెడతాను. నెలలో ఏ వారం బీపీ మాత్రలు నిండు స్ట్రిప్పులు అమ్ముడవుతున్నాయో, ఏ వారం ముక్కలు అమ్ముడవుతున్నాయో మీ అధికారులు చూసుకోవచ్చు. తోటి షాపులవాళ్లని కూడా అడుగుతున్నాను, వాళ్లలో కొందరు తమ లెక్కలు ఇస్తామన్నారు. విచారణ తారీఖు ఎప్పుడో చెప్పండి, ఆ రోజు షాపు మూసి వస్తాం.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక ఫార్మసిస్టు,
విశాఖపట్నం